ఎవరు, దేన్ని, ఎవరికి

మార్చి 3

అత్తయ్యను ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాం. మా పడకగది ఆవిడకిచ్చి మేమిద్దరం ముందుగదిలోకి మారాం. కుడిచేతికి పట్టు లేదు. కుడికాలు ఈడుస్తోంది. మాట దాదాపు పోయింది. మనం చెప్పేవన్నీ ఆవిడకు అర్థమవుతాయని డాక్టరు పదేపదే చెప్పాడు. నాకు చెప్పక్కర్లేదు. నేను దుప్పటి పరుస్తుంటే మూల మడత సరిగా లేదని ఆవిడ చూసిన చూపే చాలు.

మామయ్య పోయినప్పటి నుంచి అద్దాల కొట్టు ఒంటిచేత్తో నడిపిన మనిషి. ఫోటోలకు ఫ్రేములు కట్టడం, కిటికీలకు, టేబుళ్లకు అద్దం కోసివ్వడం. ఇద్దరు కొడుకుల్ని చదివించింది ఆ కొట్టు మీదే. పెళ్లయిన కొత్తలోనే నాకు ‘పంతులమ్మ’ అని పేరు పెట్టింది. అది మెచ్చుకోలు కాదు.

ఇప్పుడా పేరు కూడా పలకలేదు.

మార్చి 9

మాటల డాక్టరమ్మ వచ్చింది. ఆవిడ అసలు హోదా ఇంకేదో పొడుగ్గా ఉంది, మా ఆయన పెట్టిన పేరే ఇంట్లో ఖాయమైపోయింది. నాకంటే బాగా చిన్నది. బొమ్మల కార్డులు పట్టుకొచ్చి మంచం మీద పరిచింది.

కప్పు చూపిస్తే “కప్పు” అంది అత్తయ్య. కిటికీ చూపిస్తే “కిటి” అంది. చాలా మాటలకు చివర మింగేస్తోంది. నవ్వుతున్న ముసలాయన్ని చూపిస్తే “తాత” అంది. ఏం చేస్తున్నాడంటే మళ్లీ “తాత”. గుడ్డ కత్తిరిస్తున్న ఆడమనిషిని చూపిస్తే “కత్తెర”. మేకు కొడుతున్న వడ్రంగిని చూపిస్తే చటుక్కున “కొట్టు” అంది.

డాక్టరమ్మ సంబరపడి కార్డు వెనక టిక్కు పెట్టింది. “ఆగండి, అది క్రియ కాకపోవచ్చు. ఆవిడ కొట్టు సంగతి చెబుతున్నారేమో” అన్నాను. డాక్టరమ్మ నన్ను తేరిపార చూసి, “మీరేం చేస్తుంటారు?” అంది.

“కాలేజీలో భాషాశాస్త్రం చెబుతాను. క్రియల వర్గీకరణ మీద పని చేస్తున్నాను.”

“ఇంకేం మరి. ఈవిడకి పేర్లు మిగిలాయి, పనులు పోయాయి. రోజూ కాసేపు మీరే చేయించండి.”

అత్తయ్య కళ్లు మూసుకుంది.

మార్చి 10

భోజనాల దగ్గర మా ఆయనకు వివరంగా చెప్పాను. కొన్ని క్రియలకు ఒక్కరుంటే చాలు. నవ్వింది. ఎవరు అని అడిగితే సరిపోతుంది. కొన్నిటికి ఇద్దరు కావాలి. కోసింది అంటే ఎవరు, దేన్ని అని రెండు ప్రశ్నలు. ఇచ్చింది అంటే మూడు. ఎవరు, దేన్ని, ఎవరికి. మాట దెబ్బతిన్నవాళ్లకు ప్రశ్నలు పెరిగేకొద్దీ కష్టం పెరుగుతుందంటారు. కాబట్టి ఒక్కరితో పోయేవాటితో మొదలుపెట్టాలి.

“అంటే అమ్మకి ఒంటరి క్రియలు ముందొస్తాయంటావ్.”

“ఒంటరివి కాదు. అకర్మకాలు.”

“ఏదో ఒకటి. ఎప్పుడొస్తాయి?”

అది మాత్రం తెలియదన్నాను. ఆయన పళ్లెం తీసుకుని లేచాడు.

సాయంత్రం మొదటి పాఠం. ఫోన్‌లో రికార్డు చేశాను. తర్వాత విని చూసుకుంటే ఎక్కడ ఆగుతోందో తెలుస్తుంది. ఇది ఆవిడ కోసమే.

మార్చి 16

కటింగ్ అమ్మాయి వచ్చింది. కొట్లో అద్దం కోసేది తనే. పద్దెనిమిదో ఏట ఊడ్చి తుడవడానికి చేరి, అత్తయ్య దగ్గరే పని నేర్చుకుంది. నలభై దాటినా మా ఇంట్లో అందరికీ ఇంకా కటింగ్ అమ్మాయే. అత్తయ్యకైతే ఒట్టి అమ్మాయి.

నేను పాఠం మధ్యలో ఉన్నాను. అయినా తను మంచం పక్కన కింద కూర్చుని మొదలుపెట్టింది.

“పెద్దమ్మా, మేడింటివాళ్ల డ్రెస్సింగ్ టేబులు అద్దం ఇచ్చేశాను. అంచు నున్నగా రాలేదని గొణిగారు. మళ్లీ అరగదీసి ఇచ్చాను. మీరుంటే నాలుగు తగిలించేవాళ్లు. నాకు నోరెక్కడిది? ఆ, పక్క మందుల షాపాయన రోజూ వచ్చి మన గోడ కొలుచుకుని పోతున్నాడు. ఎందుకో మరి.”

అత్తయ్య వింటూ కూర్చుంది. మధ్యలో “గోడ” అంది. “మేడ” అంది. ఒకసారి నవ్వు కూడా వచ్చింది. కటింగ్ అమ్మాయి ఏమీ అడగలేదు, మాట సరిదిద్దలేదు. తను వెళ్లాక పాఠం కుదరలేదు. ఇకనుంచి పాఠమయ్యాక రమ్మని చెప్పాలి.

రికార్డింగు విన్నాను. ఆ కాసేపట్లో ఒక్క క్రియ లేదు.

మార్చి 21

ఇవాళ “నవ్వింది” అంది. పూర్తిగా, చివర మింగకుండా.

మార్చి 22

నిన్నటి నుంచి ఒకటే ఉత్సాహం. నవ్వింది, ఏడ్చింది, వచ్చింది. ఈ మూడూ బొమ్మ చూసి చెప్పింది. కానీ పడింది, జారింది, ఎండింది రావడం లేదు. వీటికీ ఒక్కరే చాలు, అయినా రావడం లేదు. ఒక్కరితో పోయే క్రియల్లో రెండు రకాలున్నాయని క్లాసులో చెబుతూనే ఉంటాను. నవ్వడం మనిషి చేసే పని. జారడం మనిషికి జరిగేది. పైకి చూస్తే రెండిట్లోనూ కర్త ఒక్కటే, లోపల లెక్క వేరు. ఆ తేడా అత్తయ్య నోట్లో కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది.

బొమ్మలు సరిపోలేదని నేనే మరికొన్ని గీశాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చేయిస్తున్నాను. డాక్టరమ్మ కాసేపే అంది. కానీ ఆవిడకు మా ఇంటి సంగతి ఏం తెలుసు? అభ్యాసం ఎంత ఎక్కువైతే అంత మంచిది. కాలేజీలో మా హెడ్డుకు క్లుప్తంగా మెయిలు రాశాను. ఊరికే, తెలియజేద్దామని.

మార్చి 27

హెడ్డు ఫోన్ చేశాడు. జూన్ సదస్సుకు వ్యాసం పంపమన్నాడు. నేను మంచం పక్కనే కుర్చీలో ఉన్నాను. చేతిలో కార్డులున్నాయి.

“అద్భుతమైన డేటా సార్. సకర్మక క్రియ ఒక్కటీ లేదు, మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ఇంత శుభ్రమైన కేసు దొరకడం అదృష్టం” అన్నాను.

ఫోన్ పెట్టేసి చూస్తే అత్తయ్య నా వైపే చూస్తోంది.

కార్డు చూపించాను. పలకలేదు. ఇంకోటి చూపించాను. గోడ వైపు తిరిగి పడుకుంది.

అలసట. పొద్దున స్నానానికి చాలాసేపు పట్టింది.

మార్చి 28

అత్తయ్య ఇవాళ కూడా అలసటగా ఉంది. కార్డులు తీయలేదు.

మార్చి 31

అలసటే. భోజనం మాత్రం బాగానే చేసింది. వ్యాసం మొదటి భాగం రాశాను.

ఏప్రిల్ 2

మరిది వచ్చాడు. వాళ్ల అమ్మ మంచం దగ్గర కుర్చీ లాక్కుని అసలు సంగతి చెప్పాడు. పక్క మందుల షాపు వాళ్లు కొట్టు గది కొంటామంటున్నారట. షాపు పెంచుకుంటారట.

“అద్దాలు కోయించుకునేవాళ్లు ఇప్పుడెవరున్నారు వదినా? ఫ్రేముల్తో సహా తయారైనవి దొరుకుతున్నాయి. అమ్మ ఇక కొట్లో కూర్చోలేదు. తాళం వేసి పెడితే చెదలు పడతాయి. అన్నయ్య కూడా సరేనన్నాడు.”

అన్నయ్య సరేనన్నట్టు నాకు ఇప్పుడే తెలిసింది.

గది అత్తయ్య పేరున ఉంది. సంతకం బదులు ఎడమచేతి వేలిముద్ర చాలునట, కానీ తన ఇష్టమేమిటో రిజిస్ట్రారు ముందు ఆవిడే తెలియజెప్పాలి. అందుకని మరిది వంగి, గట్టిగా, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు అడిగాడు. “అమ్మా, కొట్టు మందుల షాపుకి ఇచ్చేద్దామా?”

అత్తయ్య లేచి కూర్చుంది. మా ఆయన వీపు వెనక దిండు పెట్టాడు. నేను అలవాటు కొద్దీ ఫోన్‌లో రికార్డు నొక్కాను. ఆవిడ చాలాసేపు పెదవులు కదిపింది. మెడ నరాలు ఉబ్బాయి.

“కొట్టు” అంది. ఆగింది. “అమ్మ...”

“చూశావా, అమ్మమంటోంది” అన్నాడు మరిది.

అత్తయ్య ఎడమచేత్తో మంచం కోడు మీద కొట్టింది. “కొట్టు. అమ్మ...”

“అదే అమ్మా, అమ్మేద్దాం. అంతేనా?”

తల నిలువుగా ఊపింది, వెంటనే అడ్డంగా ఊపింది. ఔను కాదుల్ని ఇప్పుడే నమ్మొద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది. తర్వాత ఎంత అడిగినా ఏమీ అనలేదు.

ఏప్రిల్ 3

వంటింట్లో మా ఆయనతో గొడవ. గొడవ అనడం పెద్దమాట. గొంతులు లేచాయి, అంతే.

“అమ్మ అమ్మమంటోంది” అన్నాడాయన.

“కాదు, అమ్మనంటోంది. ‘అమ్ము’ అనాలంటే చివర ‘ము’ రావాలి. ఆవిడ ‘మ’ అంటోంది. అమ్మను, అమ్మొద్దు. ఆ మాటల్లోనే ‘మ’ వస్తుంది. చివర మింగేసింది.”

“అమ్మొద్దులో ‘మొ’ ఉంది.”

“అమ్మనులో లేదుగా.”

“నువ్వు వినాలనుకున్నది వింటున్నావ్.”

“మరి మీరు?”

“నేను మా అమ్మ మాట వింటున్నాను. ఆవిడ నీ బ్లాక్‌బోర్డు కాదు.”

తలుపు తీసే ఉందని ఆ తర్వాత చూశాం. అత్తయ్య గదిలోంచి చెంచా నేలకు విసిరిన చప్పుడు వచ్చింది. ఇద్దరం వెళ్లాం. “కాదు” అంది ఆయన్ని చూసి. నేను ఆయన వైపు తిరిగి, చూశారా అన్నట్టు నిలబడ్డాను. అత్తయ్య నా వైపు కూడా చూసి “కాదు” అంది. కోపంలో ఒకే మాట మళ్లీ మళ్లీ రావడం ఈ జబ్బులో మామూలే.

రికార్డింగు నాలుగైదుసార్లు విన్నాను. రెండోసారి ‘మ’ కొంచెం సాగినట్టుంది. అది ఆయాసం వల్ల. నాకు సందేహం లేదు. ఆవిడ తన కొట్టు వదులుకోదు. నేను ఆవిడ పక్షాన ఉన్నాను. ఈ ఇంట్లో ఇంకెవరూ లేరు.

ఏప్రిల్ 4

ఆయన మాట్లాడటం లేదు.

ఏప్రిల్ 7

మందులు తేవడానికి ఆస్పత్రికి వెళ్తే మాటల డాక్టరమ్మ కారిడార్లో కనిపించింది. చాయ్ తాగుతూ బెంచీ మీద కూర్చుంది. పాఠాలెలా ఉన్నాయని అడిగింది. ఆపేశానన్నాను.

“ఏం?”

“అత్తయ్య బాగా అలిసిపోతున్నారు.”

“అలిసిపోయారా, అలిగారా?”

ఆవిడ పక్కకి జరిగి చోటిచ్చింది. కూర్చున్నాను. కొట్టు గొడవ చెప్పాను. అమ్ము, అమ్మను, ‘ము’, ‘మ’ అన్నీ చెప్పాను. ఫోన్ తీసి వినిపించబోతే వద్దంది.

“ఒక్క మాట అడగనా? ఆవిడ నోటివెంట సొంతంగా వస్తున్నవన్నీ పేర్లే కదా.”

“ఔను.”

“మరి మీ ఆలుమగలిద్దరూ క్రియ కోసం ఎందుకు కొట్టుకుంటున్నారు?”

చాయ్ అయిపోయింది, ఆవిడ వెళ్లిపోయింది. నేను బెంచీ మీదే ఉండిపోయాను. బస్సులో సగం దారి వచ్చాక అర్థమైంది. అర్థమయ్యాక కూడా ఒక స్టాపు దాటిపోయి వెనక్కి నడిచాను.

అత్తయ్య కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

“ఆరోజు ఫోన్‌లో నేనన్న మాటలు మీరు విన్నారు. అలా అని ఉండకూడదు. తప్పు నాదే” అన్నాను.

ఆవిడ వీధిలోకే చూస్తోంది.

“అత్తయ్యా, మీరన్నది అమ్మాయి అనా? కటింగ్ అమ్మాయి?”

ఆవిడ నెమ్మదిగా నా వైపు తిరిగింది. ఎడమచెయ్యి ఎత్తి తన నుదుటి మీద టప్‌మని కొట్టుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో నాకు పడిన చీవాట్లన్నీ ఆ ఒక్క దెబ్బలో ఉన్నాయి.

“అమ్మా... య్” అంది.

“కొట్టు అమ్మాయికి అమ్మాలా?”

“కాదు.”

“ఊరికే ఇచ్చెయ్యాలా?”

నీకేమైనా మతిపోయిందా అన్నట్టు చూసింది.

“అద్దెకా?”

“అద్దె.” మళ్లీ “అద్దె” అంది. తర్వాత కళ్లు తుడుచుకుంది. కుడిచేత్తో తుడుచుకోబోయి, అది లేవక, ఎడమచేత్తో.

ఆరోజు మరిది అడిగింది మందుల షాపుకి ఇద్దామా అని. ఆవిడ చెప్పిన జవాబు, కాదు, అమ్మాయికి అని. ఎవరికి అనే ప్రశ్న మరిది నోట్లో ఉంది, ఆవిడ నోట్లో ఉంది. బతుకంతా ఆ మూడు ప్రశ్నలూ పాఠం చెప్పిన నాకు తట్టలేదు. ఆయన అమ్మడం విన్నాడు, నేను అమ్మకపోవడం విన్నాను. నాలుగైదుసార్లు విన్నాను.

ఏప్రిల్ 8

మా ఆయనకు చెప్పాను. లేచి వాళ్ల అమ్మ గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. బయటికొచ్చాక “అద్దెకే అంటోంది” అన్నాడు. ఐదురోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట.

ఏప్రిల్ 12

ఆదివారం అందరం ఆవిడ గదిలో కూర్చున్నాం. మరిదిని పిలిపించాం. కటింగ్ అమ్మాయినీ పిలిచాం. తను లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడింది. కొట్టు మూసేస్తున్నామని చెప్పడానికి పిలిచామనుకుందట. పని కోసం వేరే రెండు చోట్ల అడిగి కూడా వచ్చిందట.

సంగతి చెప్పగానే మరిది కుర్చీలోంచి లేచాడు.

“ఇదంతా వదిన పాఠం చెప్పించిందేమో. అమ్మ నోట్లో మాట పెట్టడం ఎంతసేపు?”

నాకు కోపం వచ్చింది. కానీ ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఇన్నాళ్లూ ఆ నోటి చుట్టూ తిరిగింది నేనే.

“నేను బయటికి వెళ్తాను. మీరే అడగండి” అన్నాను. వెళ్లి వరండాలో నిలబడ్డాను. ఫోన్ లోపల టేబులు మీదే వదిలేశాను, ఆఫ్ చేసి.

మరిది గొంతు వినిపించింది. ఈసారి గట్టిగా అరవలేదు. “అమ్మా. కొట్టు ఎవరికి?”

వీధిలో ఎవరో షట్టరు దించుతున్నారు.

“కొట్టు” అంది అత్తయ్య. “అమ్మాయికి.”

నాకు ‘కి’ వినిపించింది. ఆవిడ జబ్బుపడ్డాక పలికిన మొదటి విభక్తి. వరండా స్తంభానికి ఆనుకున్నాను. ఇంకేమీ ఆలోచించలేదు. ఆలోచించలేదని రాస్తున్నానంటే, కొంచెం ఆలోచించాననే.

లోపలికి వెళ్లేసరికి కటింగ్ అమ్మాయి గుమ్మంలోనే చతికిలపడి ఉంది. “నాకెందుకు పెద్దమ్మా, నేనేం నడపగలను? నాకు గట్టిగా మాట్లాడటమే రాదు” అంటోంది. అత్తయ్య ఎడమచేత్తో తన గుండె మీద తట్టుకుని, “నేను” అని, కిటికీ వైపు, అంటే కొట్టు వైపు చూపించి, “కుర్చీ” అంది.

“నువ్వు నడుపు, నేనొచ్చి కుర్చీలో కూర్చుంటాను, నోరు నాది అంటోంది” అన్నాడు మరిది. తర్వాత తనే నవ్వాడు. “ఆ నోటితోనా అమ్మా?”

అత్తయ్య కూడా నవ్వింది. మరిది చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు. మందుల షాపాయనకు మాత్రం తనే చెబుతానన్నాడు.

ఏప్రిల్ 20

వ్యాసం పూర్తయింది. బాగా వచ్చిందని నాకే తెలుసు. పేరు, ఊరు ఏమీ లేవు, ‘ఒక వృద్ధ మహిళ’ అని మాత్రమే ఉంది. ఆవిడను అడగక్కర్లేదనిపించింది. నాలుగురోజులు అలాగే అనిపించింది.

ఇవాళ మధ్యాహ్నం కాగితాలు తీసుకెళ్లి కూర్చున్నాను.

“అత్తయ్యా, మీ మాటల గురించి రాశాను. సదస్సులో చదవాలి. మీ పేరుండదు. కొంచెం వినిపిస్తాను, మీరు సరేనంటేనే పంపుతాను.”

ఆవిడ తలూపింది. రెండు పేజీలు చదివాను. ‘రోగి’ అనే మాట వచ్చిన ప్రతిచోటా నా గొంతు తగ్గుతోంది. ఆవిడ కాగితం మీద చెయ్యి పెట్టింది.

“వద్దు.”

“ఇది మీలాంటి ఇంకొందరికి పనికొస్తుందేమో.”

“వద్దు” అంది మళ్లీ. కోపంగా కాదు. కొట్లో బేరం కుదరనప్పుడు గిరాకీలతో అనేట్టే అంది.

ఏప్రిల్ 21

హెడ్డుకు ఫోన్ చేసి వ్యాసం లేదని చెప్పాను. కారణం అడిగాడు. ఇంటి మనిషి ఒప్పుకోలేదన్నాను. “కాస్త నచ్చజెప్పాల్సింది” అన్నాడు. నచ్చజెప్పనని చెప్పి ఫోన్ పెట్టేశాను. రికార్డింగులు చెరిపేశాను. ఒక్కటి ఉంచుకోవాలనిపించింది, ‘నవ్వింది’ అన్నది. అదీ చెరిపేశాను.

దిగులుగా ఉంది. ఇది ఎవరికీ చెప్పుకునేది కాదు.

ఏప్రిల్ 29

కొట్టు తెరిచారు. ఆయన ఆటోలో తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టి వచ్చాడు. మొదటి గిరాకీ అంచు నున్నగా లేదని గొణిగితే, అత్తయ్య ఆ అద్దాన్నీ అతన్నీ మార్చి మార్చి చూసిందట. అతను మాట్లాడకుండా తీసుకుపోయాడట. కటింగ్ అమ్మాయి ఫోన్ చేసి నవ్వుతూ చెప్పింది.

మే 6

కాలేజీ పేపర్లు దిద్దుతూ పొయ్యి సంగతి మరిచిపోయాను. వాసన వచ్చాక పరిగెత్తాను. అత్తయ్య కర్ర ఆనించుకుంటూ నా వెనకే వంటింటి గుమ్మం దాకా వచ్చింది.

“కూర మాడిపోయింది అత్తయ్యా” అన్నాను.

ఆవిడ గిన్నెలోకి తొంగిచూసింది. పెదవులు కదిలాయి. నేను సాయం చేయలేదు. పొయ్యి కట్టేసి నిలబడ్డాను.

“నువ్వు” అంది. “కూర. మాడ్చావ్, పంతులమ్మా.”

ఔనన్నాను. ఎవరు, దేన్ని, రెండూ సరిగ్గానే ఉన్నాయి. గిన్నె నానబెట్టి మళ్లీ వండాను.